ఎర్రగుడ్డ వీధిలో సాధన

తారస్థాయి షడ్జమం దగ్గర నా గొంతులోంచి స్వరానికి బదులు గాలి వచ్చింది. ఎంతోసేపు కాదు, చిటికె వేసినంత. కలకత్తాలో మా సంగీత కళాశాల మూడో అంతస్తు గదిలో, మధ్యాహ్నం రెండింటి వేళ, ఎం.ఏ. రెండో సంవత్సరం క్లాసులో జరిగింది. యమన్ రాగం పాడుతున్నాను. నిషాదం దాకా బాగానే వెళ్ళాను. దాని పైన ఉండవలసిన స్వరం లేదు. తబలా ఆయన చెయ్యి ఆగలేదు. పక్కన కూర్చున్న అమ్మాయి తంబూరా మీటుతూనే ఉంది. మా టీచరు మాత్రం కళ్ళు తెరిచి నా వైపు ఒకసారి చూసి మళ్ళీ మూసుకుంది. నేను దగ్గి, జలుబన్నట్టు మెడ తడుముకుని, కింది స్వరాల్లోకి దిగిపోయాను.

జలుబు ఎలా ఉంటుందో పాడేవాళ్ళకి తెలుసు. ఇది జలుబు కాదు. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయి బయల్దేరామని సగం దారిలో గుర్తొస్తే ఎలా ఉంటుందో అలా అయింది నాకు. ఫైనల్ పరీక్షకి అప్పటికి ఇంకా నాలుగు నెలలుంది.

అప్పుడు నాకు ముప్ఫై ఏళ్ళు. మా ఆయన ఖరగ్‌పూర్‌లో గూడ్స్ డ్రైవరు. ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో రెండు గదుల క్వార్టరు మాది. ఏడేళ్ళ అమ్మాయి, నాలుగేళ్ళ అబ్బాయి, మా అత్తగారు. పెళ్ళికి ముందు అక్కడే ఇందా అనే పేటలో ఒక బెంగాలీ మాస్టారి దగ్గర పదేళ్ళు హిందూస్థానీ గాత్రం నేర్చుకున్నాను. డిగ్రీ అయ్యాక పెళ్ళయింది, పాట ఆగిపోయింది. ఎవరూ ఆపలేదు, దానంతట అదే ఆగింది. చిన్నవాడు పాలు మానిన సంవత్సరం పేపర్లో ప్రకటన చూసి, ఎవరికీ చెప్పకుండా దరఖాస్తు పెట్టి, వెళ్ళి పాడి వచ్చాను. సీటు వచ్చిందని తెలిశాక ఇంట్లో అందరూ నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయారు. మా అత్తగారు మాత్రం, "పిల్లల్ని నేను సూసుకుంతాను గానీ, ఆ హౌరా బండిలో తలుపు కాడ నిలబడకు," అన్నది. వారానికి మూడు రోజులు పొద్దున్నే లోకల్ ఎక్కేదాన్ని. పోనూ రానూ ఆరు గంటలు బండిలోనే.

మా టీచరుని అందరం దీదీ అనేవాళ్ళం. అరవైకి దగ్గరపడిన మనిషి. ఆ ఏడాది మా పరీక్షలు అవగానే రిటైరై కొడుకు దగ్గరికి ఢిల్లీ వెళ్ళిపోతుందని మాకందరికీ తెలుసు. మొదటిరోజే నాతో చెప్పింది: "నీకు గొంతుంది, వయసు లేదు. నేను ఉన్నన్నాళ్ళే నీకు టైము." పట్టా చేతికొస్తే ఏదైనా స్కూల్లో పాట చెప్పుకుంటూ బతకొచ్చునని అనుకునేదాన్ని. కానీ నిజం చెప్పాలంటే పట్టా కంటే నాకు కావలసింది వేరే. పరీక్ష గదిలో ముగ్గురు పెద్దవాళ్ళ ముందు ఒక గంట కూర్చుని ఒక రాగం పూర్తిగా పాడాలి. నా జీవితంలో అలాంటి గంట ఒకటి ఉండాలి.

మా వీధి సంగతి చెప్పకపోతే తర్వాతిది అర్థం కాదు. మా వీధిలో ఇరవై క్వార్టర్లుంటే పదిహేనింట్లో మగవాళ్ళు బండ్లు నడిపేవాళ్ళే, డ్రైవర్లో గార్డులో. వాళ్ళ డ్యూటీకి వేళ లేదు. రాత్రంతా బండి నడిపి వచ్చినవాడు పగలు పడుకోవాలి. అందుకని పడుకున్నవాళ్ళ గేటుకి ఎర్రగుడ్డ కట్టేవాళ్ళం. ఏ వేళ చూసినా వీధిలో నాలుగైదు గుడ్డలు కనిపించేవి. ఎర్రగుడ్డ ఉన్న ఇంటి ముందు కూరలవాడు అరవడు, గేటు గొళ్ళెం మెల్లగా ఆడిస్తాడు. కుక్కరు విజిల్ రాబోతే గరిటెతో నొక్కిపెడతాం. కుళాయి దగ్గర ఆడవాళ్ళం చేతులతో మాట్లాడుకుంటాం. పిల్లలకి మాటలొచ్చే ముందే నోటి మీద వేలు పెట్టుకోవడం వస్తుంది.

నేను కాలేజీలో చేరడానికి ముందు ఏడాది మా వీధి డ్రైవరొకాయన ఎర్ర సిగ్నల్ దాటి బండిని పోనిచ్చాడు. ఎదురుగా ఏ బండీ లేదు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన్ని సస్పెండ్ చేశారు. ఆ ముందురోజు పగలు పక్కింట్లో పెళ్ళి మైకు పెట్టారని, ఆయనకి కన్ను మూతపడలేదని తర్వాత అందరూ చెప్పుకున్నారు. ఆ పెళ్ళివాళ్ళతో వీధి చాలాకాలం మాట్లాడలేదు. అప్పట్నుంచి నాకొక భయం పట్టుకుంది. నా పాట వల్ల మా ఆయనకో ఇంకో ఇంటాయనకో నిద్ర చాలక, ఎక్కడో బండి మీద ఒక్క క్షణం కన్ను మూసుకుపోతే?

అందుకని నేను అణిచి పాడేదాన్ని. గొంతులోనే, పెదాలు దాదాపు మూసి, శబ్దాన్ని పళ్ళ వెనకే పట్టుకుని. వంటింటి తలుపు మూసి, కిటికీకి దుప్పటి వేలాడదీసి, తంబూరా తీగల కింద జీవా అనే సన్నటి దారం ఉంటుంది చూడండి, దాన్ని తీసేసేదాన్ని. ఆ దారం ఉంటేనే తంబూరా జుమ్మని మోగుతుంది. తీసేస్తే ఎండుపుల్ల మీటినట్టుంటుంది. ఆ ఎండుపుల్ల శ్రుతికి గుసగుసగా ఆరోహణ, గుసగుసగా అవరోహణ, గుసగుసగా తానాలు. రోజుకి నాలుగు గంటలు, పైస్వరాలు కూడా అలాగే. వారంలో మూడు రోజులు కలకత్తాలో మాత్రం ఒక్కసారిగా గొంతు విప్పేదాన్ని, పైకప్పు ఎగిరిపోయేలా. తక్కిన నాలుగు రోజులూ మళ్ళీ వంటింట్లో గుసగుస. ఇలా రెండేళ్ళు.

ఎదురింటి వదిన ఒకసారి పంచదారకని వచ్చి తలుపు తీసి నన్ను చూసింది. తలుపు పట్టుకుని నవ్వాపుకోలేక అక్కడే కూలబడింది.

"ఏటి వదినా, పాడతన్నావా? నోట్లో ఉప్పుండిపోయి మింగలేక సస్తన్నావనుకున్నాను!"

"ఉష్, మెల్లగా. మీ తమ్ముడు పడుకున్నారు."

"ఓలమ్మా, ఇదేం సంగీతమే! మా ఆయన గురకలో ఇంతకన్నా రాగముంటాది."

నేనూ నవ్వాను. ఆ నవ్వు కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకునే.

దీదీకి మాత్రం ఏదో తేడా తెలుస్తూనే ఉంది. మొదటి ఏడాది నుంచీ ఆమె నాతో అనే మాట ఒకటే: "గలా ఖోలో." గొంతు తెరువు. తలకాయ ఊపేదాన్ని. "ఇంట్లో సాధన చేస్తున్నావా?" "చేస్తున్నాను దీదీ, నాలుగు గంటలు." ఆమె అంతకంటే అడగలేదు. ఎలా చేస్తున్నావని అడిగితే చెప్పేదాన్నేమో. చెప్పేదాన్ని కాదేమో. హాస్టల్లో ఉన్న అమ్మాయిల ముందు, మా వీధిలో పాడటానికి వీల్లేదండీ అని చెప్పుకోవడం నాకు నామోషీ. గంటలు లెక్కకి సరిపోతున్నాయి కదా అనుకున్నాను.

ఆ రోజు గాలి వచ్చిన తర్వాత నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. గొంతు అలిసిపోయిందనుకుని, దాన్ని కాపాడుకోవాలని, ఇంకా మెల్లగా పాడటం మొదలుపెట్టాను. అంతకు ముందు ఏ కొంచెమైనా శబ్దముండేది, ఇప్పుడు అదీ లేకుండా. మా అత్తగారికి జలుబని చెప్పాను. ఆమె కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోమంది, మిరియాలు పటికబెల్లం కాచి ఇచ్చింది. అన్నీ తాగాను. రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. పొద్దున్న లేవగానే పిల్లల పక్కలోంచే మెల్లగా ఒక స్వరం పలికి చూసుకునేదాన్ని, ఇవాళ ఉందా అని. కొన్ని రోజులు ఉండేది. ఉన్న రోజున పిల్లల్ని ముద్దుపెట్టుకుని లేచేదాన్ని. లేని రోజున జడలు వేస్తుంటే అమ్మాయి, "అమ్మా, జుట్టు లాగేస్తన్నావు," అనేది.

చివరికి దీదీయే పట్టుకుంది. క్లాసు మధ్యలో తంబూరా ఆపించి, నన్ను చెయ్యి పట్టుకుని ట్రాము ఎక్కించి, తనకి తెలిసిన గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన నా నాలుకని గుడ్డతో పట్టుకుని బయటికి లాగి, దీపం మీద వేడిచేసిన చిన్న అద్దం లోపల పెట్టి, "ఈ అను," అన్నాడు. అన్నాను. చాలాసేపు చూశాడు.

"స్వరతంతువులకి రెండు పక్కలా కాయలు కట్టాయి. అరుస్తారా మీరు? స్కూలు టీచరా?"

"లేదండీ. నేనసలు అరవను. ఇంట్లో అరవడానికి వీల్లేదు."

"మరి సాధన?"

చెప్పాను. వంటిల్లు, దుప్పటి, గుసగుస, నాలుగు గంటలు, అన్నీ. చెబుతుంటే మంచిపనే చెబుతున్నానని నాకు ఒక నమ్మకం. ఆయన అద్దం తుడవడం ఆపేశాడు. పక్కనున్న దీదీ "హే భగవాన్" అంది.

గుసగుసగా మాట్లాడితేనే గొంతు బిగుసుకుంటుందని, అలా బిగించి పైస్వరాలు పాడటం, మళ్ళీ మర్నాడు సాధన లేని గొంతుని ఒక్కసారిగా విప్పడం, ఈ రెండూ కలిసి రెండేళ్ళు ఆ తంతువుల్ని ఒకదానికొకటి రాపాడించాయని ఆయన మెల్లగా చెప్పాడు. మూడు వారాలు ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుస అసలు వద్దు. "తగ్గుతాయా?" అన్నాను. "కొత్తవైతే తగ్గుతాయి. ఇవి గట్టిపడ్డాయి. ఆపరేషను చెయ్యొచ్చు, మాట బాగుంటుంది. పాట సంగతి నేను చెప్పలేను."

బయటికొచ్చాక దీదీ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండును. "రెండేళ్ళు నా ఎదురుగా కూర్చున్నావు," అని మాత్రం అంది.

ఆ సాయంత్రమే మా ఆయనకి చెప్పాను, మూడు వారాల మౌనానికి ముందు చివరి మాటలుగా. ఆయన డ్యూటీ బూట్లు విప్పుతున్నవాడు ఒక బూటు చేతిలోనే ఉంచుకుని విన్నాడు.

"నా నిద్ర గురించేనా?"

"మీ ఒక్కరి గురించి కాదు. వీధి మొత్తం."

"మరొక్క మాట సెప్పొచ్చు కదా! నేను రన్నింగ్ రూములో, బయటూరి డ్రైవర్ల పక్కన పడుకునీవోణ్ణి."

"సొంతూళ్ళో ఇల్లున్న డ్రైవరికి రన్నింగ్ రూము ఇస్తారా?"

"ఇవ్వరు," అన్నాడు. చేతిలోని బూటు కింద పెట్టి, "పోనీ, చర్చి హాలు అడిగీవోణ్ణి. న్యూ సెటిల్‌మెంట్ కాలనీలో గుడివోళ్ళని అడిగీవోణ్ణి. ఏదో ఒకటి సేసీవోణ్ణి. నువ్వడగలేదు," అన్నాడు.

నిజమే. నేను అడగలేదు. అడిగితే ఎవరో ఒకరు చోటు ఇచ్చేవాళ్ళని ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు పాట అంటే ఇంటిపని అంతా అయ్యాక ఎవరికీ ఇబ్బంది లేకుండా చేసుకోవలసిన దొంగపనిలాగే ఉండేది.

మూడు వారాలు పలక పట్టుకుని తిరిగాను. అమ్మాయి చదివి తమ్ముడికి చెప్పేది. మొదట్లో అదొక ఆటలా ఉండేది వాళ్ళకి. నేను "స్నానం" అని రాస్తే అది, "అమ్మ నీకు లడ్డూ ఇస్తానంటాది, రా," అని వాణ్ణి కుళాయి దగ్గరికి పట్టుకుపోయేది. రెండో వారానికి వాడు నా దగ్గరికి రావడం తగ్గించాడు. పలక తీస్తే వాళ్ళ మామ్మ వెనక్కి పోయేవాడు. వాణ్ణి పిలవడానికి చప్పట్లు కొట్టేదాన్ని. ఎదురింటి వదిన వచ్చి ఈసారి నవ్వలేదు. గుమ్మంలో కూర్చుని నా బదులు తనే బియ్యం ఏరి, వెళ్ళిపోయింది.

మూడు వారాల తర్వాత మొదటి మాట పలికితే, అది నా గొంతు కాదు. కొంచెం బొంగురు, మధ్యలో తెగిన దారంలా ఉంది. డాక్టరు మళ్ళీ అద్దం పెట్టి చూసి, వాపు తీసిందనీ కాయలు అలాగే ఉన్నాయనీ చెప్పాడు. పరీక్షకి ఇంకా ఐదు వారాలు. దీదీ వద్దనలేదు, వెళ్ళమననూ లేదు. "శ్రుతి ఒక మెట్టు దించుకో. కింద బాగా పాడు. పైకి ఒక్కసారే వెళ్ళు," అంది. ఆ ఐదు వారాలూ మా ఆయన నన్ను సైకిలు మీద ఎక్కించుకుని, డ్యూటీ లేని పూటల్లా, ఎవరూ ఉండని ఒక పాత గూడ్స్ షెడ్డు వెనక్కి తీసుకెళ్ళాడు. "ఇక్కడ అరిసినా ఎవడికీ ఇనపడదు. పాడు," అనేవాడు. పాడేదాన్ని. గొంతు తెరిచే పాడేదాన్ని. ఎలా తెరవాలో అప్పుడే తెలుస్తున్నట్టుండేది. పైషడ్జమం పదిసార్లలో మూడుసార్లు వచ్చేది. ఆయన కొంచెం దూరంగా సైకిలు పట్టుకుని అటు తిరిగి నిలబడేవాడు. వచ్చినప్పుడూ రానప్పుడూ కూడా వెనక్కి తిరిగేవాడు కాదు.

పరీక్ష గదిలో ముగ్గురున్నారు, ఇద్దరు మగవాళ్ళు, ఒక పెద్దావిడ. యమన్ పాడతానన్నాను. నిదానంగా సాగే విలంబితం ఎత్తుకున్నాను. మంద్రంలో, మధ్యస్థాయిలో ఏ తప్పూ జరగలేదు. మధ్యలో ఒక చోట గాంధారం మీద నిలబడితే ఆ పెద్దావిడ రాస్తున్న కలం పక్కన పెట్టేసింది. ఆ కొన్ని నిమిషాలే నేను కోరుకున్న గంట. నేను దానిలోనే ఉన్నానని తెలుసు, అందుకే ఇంకా భయం. ఎందుకంటే తర్వాత అంతరా. ఖయాల్ అనే ఈ పద్ధతి పాటలో ఆ రెండో భాగం తారషడ్జమం మీద నిలబడకుండా పాడటం కుదరదు.

వెళ్ళాను. గాలి వచ్చింది. మళ్ళీ నిషాదం నుంచి ఎక్కాను. ఈసారి రెండు శబ్దాలు ఒకేసారి వచ్చాయి, రెండూ షడ్జమం కాదు. తబలా ఆయన నాకోసం లయని కొంచెం సాగదీశాడు. పరీక్షలో అలా చెయ్యకూడదు, అయినా చేశాడు. మూడోసారి నోరు తెరిచాను. ఏమీ రాలేదు. తంబూరా మాత్రం మోగుతోంది, నిండుగా, దాని దారం దాని చోట ఉంది కదా.

"ఠీక్ ఆఛే మా, థాక్," అన్నాడు మధ్యలో కూర్చున్నాయన. చాల్లేమ్మా, ఉండనియ్యి అని. మంచిగానే అన్నాడు. ప్రాక్టికల్ పోతే మొత్తం పోయినట్టే. ఆ సంగతి వాళ్ళు చెప్పక్కర్లేదు.

మెట్ల దగ్గర దీదీ నా కోసం నిలబడి ఉంది. గదిలోంచి అంతా వినపడి ఉంటుంది. నా చెంప మీద అరచెయ్యి ఆనించి, తీసేసి, నా తర్వాత పాడవలసిన పిల్లని లోపలికి పిలవడానికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆమెని చూడలేదు. హౌరా నుంచి బండిలో ఎలా వచ్చానో గుర్తు లేదు. ఇంటికొచ్చేసరికి పిల్లలు నిద్రపోయారు. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. మా అత్తగారు నా మొహం చూసి అన్నం పెట్టింది.

పొద్దున్న పిల్లలకి పాలల్లో మరమరాలు కలిపి పెట్టాను. అమ్మాయి స్కూలు బట్టలు వేసుకుని కూర్చుంది.

"అమ్మా, పరీచ్చ ఎలా రాసినావు?"

"రాసీది కాదు, పాడీది," అన్నాడు తమ్ముడు.

"నీకు తెల్దు, ఊరుకో. అమ్మా, పాసయినావా?"

రాత్రంతా దీనికి జవాబు వెతికి పెట్టుకున్నాను. రిజల్టు ఇంకా రాలేదని చెప్పాలనుకున్నాను. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"లేదే. పాడలేకపోయినాను."

"మళ్ళా సంవత్సరం ఎల్తావా?"

"ఎల్లను."

తమ్ముడు తినడం మానేశాడు. గొంతు బాగా తగ్గించి, నాకు కూడా సరిగ్గా వినపడనంత మెల్లగా అన్నాడు: "నేను అరవలేదు."

"ఏటి నాన్నా?"

"నేనరిసి అల్లరి సేస్తే నువ్వూ అరుస్తావు, అందుకే నీ గొంతు పోయిందని మామ్మ సెప్పింది. అప్పటికాడ్నించి నేను అరవలేదు. ఒక్కసారీ అరవలేదు."

వంటింట్లో మా అత్తగారి చేతిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నేను వాళ్ళిద్దరి ముందూ నేల మీద కూర్చున్నాను. ఆ బొంగురు గొంతుతోనే, దాచకుండా, మామూలుగా చెప్పాను.

"నా గొంతు నీ వల్ల పోలేదు. అక్క వల్లా కాదు, మామ్మ వల్లా కాదు, నాన్న నిద్ర వల్లా కాదు. నేను పాడతన్నానని ఎవరికీ ఇనపడకూడదని నేనే నొక్కి నొక్కి పాడినాను. అలా పాడకూడదని నాకు తెల్దు, ఎవర్నీ అడగలేదు. తప్పు నాది. అది ఇంక బాగవ్వదంట. మాటాడ్డానికి సరిపోతాది, మీకు కథలు సెప్పడానికి సరిపోతాది. పాటకి సరిపోదు. కాబట్టి ఇంక నన్నెప్పుడూ పాడమని అడక్కండి. మీరడిగితే లేదనడం నాకు కష్టం."